మా బావ వసారాలో సిమెంటు

మా వైపు తేమ గురించి మాట్లాడితే జనం నవ్వుతారు. వానకు మొహం వాచిన ఊళ్లలో సరుకు చెమ్మపడుతుంది జాగ్రత్త అంటే ఎవరు నమ్ముతారు? కోయిలకుంట్లలో నాన్న పెట్టిన సిమెంటు అంగడిని ఆయన తర్వాత నేనే నడుపుతున్నాను. చలికాలం వచ్చిందంటే చాలు, అందరికీ చలి, నాకు మాత్రం ఒళ్లు మంట.

మా గోదాము తలుపు చలికాలంలో ఎండ బాగా పొడిచాకే తెరుస్తాం. అది నాన్న పెట్టిన కట్టుబాటు. నేల మీద సర్వికొయ్యలు, వాటి మీద చెక్కలు, చెక్కల మీద మూటలు. గోడకు ఒక్క మూట కూడా ఆనకూడదు, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉండాలి. పైన ప్లాస్టిక్ పట్ట కప్పుతాం. ముందు వచ్చిన మూట ముందు బయటికి పోవాలి. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. కూరగాయలు కుళ్లకుండా చూసుకునే ఆడమనిషికి ఎంత తెలివి కావాలో దీనికీ అంతే కావాలి. అయినా వచ్చినవాళ్లంతా ఆ పట్టను చూసి ఎకసెక్కాలాడతారు.

"ఏమక్కా, సిమెంటుకు చలి పెడ్తాందా? దుప్పటి కప్పినావే!"

"అవునప్పా, జలుబు చేసిందంటే దాన్ని మళ్లీ నువ్వే మోసుకొచ్చి నా మొహాన పారేస్తావు" అంటాను. నవ్వి పోతారు. వాళ్లకది నవ్వులాట.

లారీ డ్రైవర్లతో నా పోరు వేరే. ఫ్యాక్టరీలో మూటలు వేడివేడిగా ఎత్తుకుని, మంచులో పడి వచ్చి, తెల్లారేసరికి అంగడి ముందు నిలబడతారు. టార్పాలిన్ పట్ట మడతల్లో మంచు నీళ్లు గుంటలు కట్టి ఉంటాయి. వాటిని అవతలికి ఒంపి, ఒక పక్క నుంచి మడుచుకుంటూ రావాలి. అలా చేస్తే వాళ్ల చేతులు అరిగిపోతాయి కాబోలు. తాడు విప్పి ఒక్క గుంజు గుంజుతారు. ఆ నీళ్లన్నీ నేరుగా మూటల నెత్తిన పడతాయి. దారి పొడవునా కాపాడిన సరుకును నా గుమ్మం ముందు తడపడం! అందుకే నేను కొంగు బిగించి లారీ పక్కనే నిలబడతాను.

ఒకతను అన్నాడు: "నాలుగు చుక్కలకు ఏమయితాదిలేక్కా."

"నీ టీలో నాలుగు చుక్కలు కిరసనాయిలు పోయిస్తా, తాగుతావా?" అన్నాను.

అతను లారీ ఎక్కి పట్ట మడిచాడు. నన్ను గయ్యాళి అని వెనకాల అనుకుంటారని తెలుసు. అనుకోనీ. నా మూటలు పొడిగా ఉన్నాయి.

ఇంత చేసేదాన్ని, నా సొంత అక్క ఇంటికి పంపిన సిమెంటు రాయి అయిపోయింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

మా అక్కను మా ఊరికి దగ్గర్లోనే, నల్లరేగడి పొలాల మధ్య ఉన్న ఒక పల్లెకు ఇచ్చారు. బావది భూమీ, మాటా రెండూ ఉన్న ఇల్లు. పొద్దున్నే నలుగురు వచ్చి వసారాలో కూర్చుంటారు, కాఫీలు తాగుతారు, బావ చెప్పింది విని తల ఊపుతారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు నిలబడే మనిషి. కానీ "నాకు తెలీదు" అన్న మాట మాత్రం ఆయన నోట ఇంతవరకు నేను వినలేదు. శనగ పంట నుంచి చంద్రుడి మీదికి పోయే రాకెట్టు దాకా అన్నీ తెలుసు. ముఖ్యంగా శనగ. "ఒక్క పదును వాన పడితే చాలు మరదలా, మిగిలిందంతా మంచే చూసుకుంటాది. మా పప్పుశనగ మంచుకే పండుతాది" అని చేతులు తిప్పుతూ చెబుతాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అక్క కాపురానికి వెళ్లింది మట్టిమిద్దె ఇంట్లోకి. దూలాలు, వాటి మీద కట్టెలు, ఆ పైన చౌడుమన్ను. ముందు వసారాకు మాత్రం కింద కడప బండలు పరిచారు. మట్టిమిద్దె ఎండాకాలం చల్లగా ఉంటుందని పట్నంలో ఉండేవాళ్లు మెచ్చుకుంటారు. మెచ్చుకునేవాళ్లు దాని కింద ఒక్క వారం వంట చేసి చూడాలి. చారులో మన్ను, పక్క మీద మన్ను, పిల్లల కళ్లలో మన్ను. అక్క పెళ్లయిన కొత్తలోనే ఒక అలవాటు నేర్చుకుంది: పడుకున్నప్పుడు కొంగుతో మొహం కప్పుకోవడం. పుట్టింటికి వచ్చినా అలాగే పడుకునేది. "ఇక్కడ మన్ను రాలదు కదే" అని అమ్మ కొంగు తీసేస్తే నిద్రలోనే మళ్లీ లాక్కునేది.

కిందటేడు వానలకు వంటింటి దూలం ఒకటి వంగింది. అక్క పొయ్యి దగ్గర్నుంచి నీళ్లకని లేచి అటు పోయిందో లేదో, పెళ్లలు పెళ్లలుగా మన్ను వచ్చి పొయ్యి మీద పడింది. అన్నం గిన్నె సొట్టపోయింది. ఆ గిన్నె చూశాకే బావకు స్లాబు వేయించాలని తోచింది. వసారా, వెనక గది ఉంచి, మిగతా గదుల అంకణాలు విప్పి గోడలు లేపారు; వంట వెనక గదిలోకి మారింది. అక్క కోరింది ఒక్కటే, ఉరవకుండా, రాలకుండా తల మీద ఒక గట్టి మిద్దె. నగ అడగలేదు, చీర అడగలేదు.

గోడలు లేచి, చెక్కలు బిగించి, కడ్డీ కట్టేసరికి ధనుర్మాసం ముంచుకొచ్చింది. అది శూన్యమాసం, స్లాబు వేయకూడదు. మాఘంలో తొలి ముహూర్తానికి వేయాలని బావ తేల్చాడు. సరే, అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. కానీ సిమెంటు మాత్రం ఇప్పుడే ఇంటికి రావాలట.

"స్లాబు ముందురోజు నేనే లారీ పంపిస్తా బావా. మూట నా దగ్గరుంటే భద్రం" అన్నాను.

"శూన్యమాసంలో ఇంట్లోకి సరుకు రాకూడదు. మాఘం వచ్చిందంటే అందరూ ఒక్కసారే మీద పడ్తారు, అప్పుడు నీ లారీ యాడుంటాదో! ఇప్పుడే దింపించు" అన్నాడు.

మా వైపు శానామంది చేసే పని ఇదే. మంచి నెల దాటిపోతుందని తొందరపడి సిమెంటు తెచ్చుకుంటారు. ఏడాదిలో మంచు ఎక్కువగా కురిసే నెలంతా దాన్ని ఇంట్లో కూర్చోబెడతారు. నెల మంచిది కాదని మనుషులకు తెలుసు, పాపం సిమెంటుకు ఎవరూ చెప్పరు.

నేను లారీతో పాటు చెక్కలు పంపాను. కప్పడానికి కొత్త పట్ట పంపాను. ఫోనులో మళ్లీ మళ్లీ చెప్పాను: కింద చెక్కలు, గోడకు దూరం, పైన పట్ట, పొద్దెక్కాక కాసేపు పట్ట తీసి గాలి ఆడనివ్వడం. అక్క "ఊ, ఊ" అంటూ విన్నది. వెనకాల బావ గొంతు వినిపిస్తూనే ఉంది: "దాన్ని కాఫీ తాగి పడుకోమను, మాకు తెలీదా!"

కొన్నాళ్లకు ఒక పొద్దున పని మీద అటు వెళ్లి వాళ్లింట్లో అడుగుపెట్టాను. వాకిట్లో పెద్ద పొయ్యి మీద స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. పొయ్యిలో మండుతున్నవి నా చెక్కలు! మా అంగడి రంగు గుర్తు కూడా ఇంకా పూర్తిగా కాలలేదు. మిద్దె మెట్ల పక్కన నా కొత్త పట్ట పరిచి ఉంది. దాని మీద కందులు. వసారాలో సిమెంటు మూటలు కడప బండల మీదే, వెనక గోడకు అతుక్కుని, నెత్తిన ఏమీ లేకుండా కూర్చున్నాయి. పై మూటకు పసుపూ కుంకుమా. కొబ్బరికాయ కూడా దాని మీదే కొట్టినట్టున్నారు, నీళ్లు కారిన చార ఉంది.

"బావా, ఆ చెక్కలేం పాపం చేశాయి?" అన్నాను. అరిచాననే చెప్పాలి.

"కట్టె పెడితే చెద పడ్తాది మరదలా. ఇది రేగడి నేల. అందుకే మా తాతల నాట్నుంచి జొన్న మూటలైనా, శనగ మూటలైనా బండ మీదే ఏస్తాము. బండకు చెద రాదు."

"చెద సిమెంటును తినదు బావా! చెమ్మ తింటాది. చలికాలం బండ చెమరుస్తాది. కింద రేగడి నీళ్లు పట్టుకునుంటాది. చెయ్యి పెట్టి చూడు."

"ఈ సీమలో చెమ్మ యాడుండాది? తాగను నీళ్లు లేక చస్తాంటే!" వసారాలో కూర్చున్న నలుగురూ నవ్వారు. అప్పుడే శనగ చేలోంచి వచ్చాడేమో, ఆయన పంచె మంచుకు మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఆ తడి పంచెతో నిలబడి నాతో ఈ మాటన్నాడు!

"ఆ కందుల మీద ఏం కప్పుతాండావు సాయంత్రమైతే?"

"పట్టే కప్పుతాం. లేకుంటే మంచుకు మెత్తబడవూ?"

కందులకు మంచు ఉంది. సిమెంటుకు లేదు. నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది. రేపే ఎత్తిస్తానని, చెక్కలు వేరేవి తెప్పిస్తానని బావ నవ్వుతూ సాగనంపాడు. అక్క గుమ్మం దాకా వచ్చి, ఎప్పుడూ అనే మాటే అన్నది: "పోనీలే పాపా. ఆయప్పతో వాదమెందుకు."

ఈ "పోనీలే" వింటూనే నేను పెరిగాను. నాకు బావ మొండితనం కంటే అక్క పోనీలే మీదే ఎక్కువ కోపం. ఏది పోనివ్వాలి? నీ నెత్తి మీద పడబోయే మిద్దెనా?

మాఘంలో ముహూర్తం రోజు పొద్దున్నే వెళ్లాను. ఇంటి ముందు కంకర, ఇసుక, కాంక్రీటు కలిపే మిల్లరు, కూలీలు, బంధువులు, కాఫీలు. బేల్దారి మేస్త్రీ వసారాలో ఒక మూట ముందు కూర్చుని ఉన్నాడు. కత్తితో మూతి కోసి చెయ్యి లోపలికి పెట్టాడు. చెయ్యి దిగలేదు. మూట వంచి బండకేసి కొట్టాడు. పిండి రాలేదు, సంచి ఆకారంలో ఉన్న రాయి రెండు పెళ్లలైంది.

పై వరసలు కొన్ని బాగానే ఉన్నాయి. కింది వరస మొత్తం, గోడ పక్క వరస మొత్తం పోయాయి.

నేను ఇంకా చెప్పులు కూడా విడవలేదు, బావ గొంతు మొదలైంది. ఎవరి వైపూ చూడకుండా అందరికీ వినపడేలా: "సొంత మరదలని నమ్మితే పాత సరుకు అంటగట్టింది. బయటోళ్ల అంగడైతే ఇట్ల జేస్తారా?"

నాన్న పోయినప్పుడు కూడా నేను నలుగురిలో ఏడవలేదు. ఆ రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతో వచ్చిన నీళ్లు. గోడ పక్క అడుగు వరస మూటనొకదాన్ని ఇద్దరు కూలీల చేత బయటికి లాగించాను. మూట అడుగున బండల సందులు గీతలుగా అచ్చు పడి ఉన్నాయి. పక్కన ఒక జానెడు ఎత్తున ఆకుపచ్చ మరక, దాని మీద తెల్లటి ముగ్గు పిండి. నెల పొడవునా తెల్లవారుజామున వాకిట్లో కళ్లాపి చల్లి వసారా కడిగిన పేడనీళ్లు ఆ మూటలు తాగాయి.

"ఈ పేడమరక కూడా నా గోదాములోదేనా బావా? నా గోదాములో రోజూ ముగ్గేస్తానా?"

వసారాలో ఎవరూ నవ్వలేదు. బావ కండువా దులుపుకున్నాడు. "సరేలే, అయిందేదో అయింది. మేస్త్రీ, జల్లెడ పట్టించు. గడ్డలు నలగ్గొట్టి కలిపేయి. ముహూర్తం మించిపోతాంది."

మేస్త్రీ నా వైపు చూశాడు, బావ వైపు చూశాడు. "మీరు పొయ్యమంటే పోస్తానన్నా. కానీ గట్టితనం నన్నడగొద్దు" అన్నాడు. ఆ మాట నాకింకా మంట పుట్టించింది. గట్టితనం ఆయన్నడక్కపోతే మరెవర్ని అడగాలి, గోడల్నా?

"నలగ్గొట్టినంత మాత్రాన చచ్చిన సిమెంటు లేచొస్తాదా? ఒకసారి నీళ్లు పట్టి బిగిసిందంటే దాని పనైపోయింది బావా" అన్నాను.

"ఎట్లాగూ నీళ్లు పోసి కలిపేదే గదా మరదలా! ఇప్పుడు తాగినా అప్పుడు తాగినా సిమెంటు నీళ్లు తాగాల్సిందే."

ఇంత ఘనమైన తర్కం విన్నాక ఎవరికైనా నోరు పడిపోవాలి. నాది పడలేదు. "నీ శనగ మంచుకే పండుతాదని ఊరంతా చెప్తావే! వాన లేకుండా ఒక పంటను పండించే మంచు నీ పొలంలో కురుస్తాది, నీ వసారాలో కురవదా? పొలిమేర దాటి ఊళ్లోకి రావొద్దని దానికి నువ్వు చెప్పినావా?"

బావ ముఖం ఎర్రబడింది. "శుభమా అని మిద్దె ఏస్తాంటే ఈ నోరేంది? మేస్త్రీ, నువ్వు కానీ. మిల్లరు తిప్పు."

కూలీ ఒకడు గడ్డల మీద సుత్తి ఎత్తాడు.

అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చింది. చేతులు పిండితో ఉన్నాయి. ముప్పై మందికి టిఫిను చేస్తున్న మనిషి. వచ్చి ఆ పగలగొట్టే మూట మీద కూర్చుంది. కూలీ సుత్తి దించి పక్కకు జరిగాడు.

"లెయ్యి, ఏంది నువ్వు?" అన్నాడు బావ.

"దినమ్మూ చెప్పినా మూటలు జరపమని. కళ్లాపి నీళ్లు పోతాండాయి, జరుపు, జరుపు అని. నీకేం తెలుసు పోవే అంటివి. నీకేం తెలుసు అంటే ఊరుకుంటి. నా చెల్లెల్ని దొంగను చేసినప్పుడు కూడా లోపల దోసెలే పోస్తాంటి." అక్క గొంతు పెద్దది కాదు. అందుకే అందరూ ముందుకు వంగి విన్నారు. "పెండ్లయినప్పట్నుంచి మొగం మీద కొంగేసుకుని పండుకున్యా. ఈ సిమెంటుతో మిద్దె ఏస్తే దాని కింద నువ్వు పండుకో. నేను ఆరుబయట పండుకుంటా. మన్ను పడితే దులుపుకోవచ్చు. ఇది పడితే దులుపుకోనీకి నేనుంటానా?"

బావ మాటకు తల ఊపే నలుగురూ ఆ రోజు తల ఊపడానికి ఎటు చూడాలో తెలియక కాఫీ గ్లాసుల్లోకి చూశారు.

ముహూర్తం తప్పకుండా మేస్త్రీయే దారి చెప్పాడు. బాగున్న పై మూట ఒకటి విప్పి, చేత్తో కలిపి, ఈశాన్యం మూలన ఒక్క గంపెడు వేసి కొబ్బరికాయ కొట్టారు. ఆ గంప అక్క చేతే వేయించారు. మరుసటి రోజు నా లారీ వచ్చింది. పట్ట ఎలా విప్పాలో డ్రైవరుకు నేను చెప్పక ముందే అక్క చెబుతోంది. "ఒక పక్క నుంచి మడుసుకుంటా రా అప్పా, గుంజొద్దు." మూటలు నేరుగా మిల్లరు దగ్గరికి పోయాయి. వసారా బండను ఒక్కటీ తాకలేదు.

తర్వాత వానలు వచ్చాయి, పోయాయి. మిద్దె ఒక్క చుక్క ఉరవలేదు. చెడిపోయిన మూటల్ని పారేయడానికి బావకు మనసొప్పలేదు. ఇంటి ముందు వేపచెట్టు కింద వరసగా వేయించాడు. సంచి పీలికలు ఊడిపోయి ఇప్పుడవి మంచి అరుగు. పొద్దున నలుగురూ అక్కడే కూర్చుంటున్నారు.

మొన్న వెళ్లినప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క కొత్త మిద్దె కింద చాప వేసుకుని పడుకుంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. కొంగు పక్కకు జారి చాప మీద పడి ఉంది. మొహం మీద ఏమీ లేదు. పెళ్లయ్యాక నిద్రపోతున్న అక్క మొహాన్ని నేను చూడటం అదే మొదటిసారి. నిద్రలో అక్క నోరు కాస్త తెరుచుకుంటుందనే సంగతే మరిచిపోయాను. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లు ఈ మొహాన్ని గుడ్డ కింద పడుకోబెట్టినందుకు ఎవరిని తిట్టాలో తెలియక నాలో నేనే ఉడికిపోయాను.

బయట వేపచెట్టు కింద నుంచి బావ గొంతు వినిపించింది. ఎవరో కొత్త మనిషికి ఆ అరుగు సంగతి చెబుతున్నాడు. "మా మరదలు అంగట్లోదప్పా. పాత సరుకు. దింపిన నాడే గడ్డలు గడ్డలుండె."

నేను చివాలున లేచాను. లేచి ఆగాను. ఇప్పుడు అక్క లేస్తుంది, చెయ్యి పట్టుకుంటుంది, పోనీలే పాపా అంటుంది.

అక్క కళ్లు తెరవలేదు. ఇటు ఒత్తిగిలి తల కింద చెయ్యి పెట్టుకుంది.

"పో, పోయి అడుగు. గట్టిగా అడుగు, నాకు ఈడికి వినపడాల" అన్నది.